లెక్క పోర్ట్ ఆర్థర్ నుంచి మొదలెట్టాలి

మా బావకీ నాకూ గొడవ ఒక పాట దగ్గర మొదలైంది. హ్యూస్టన్ పక్కనే షుగర్‌ల్యాండ్‌లో వాళ్ళింట్లో ఆదివారం భోజనాలయ్యాయి. మేనల్లుడు ఫోన్‌లో 'బిగ్ పింపిన్' పెట్టాడు. న్యూయార్క్ ర్యాపర్ జే-జీ తన వంతు ముగించగానే టెక్సస్ ర్యాపర్ బన్ బి అందుకున్నాడు. చేతిలో గ్లాసు కింద పెట్టి నేను వింటూ కూర్చున్నాను. బావ నావైపు చూసి అన్నాడు: "ఈ ఒక్క పాట లేకపోతే మీ బన్ బి ఎవరికి తెలుసు చెప్పు? న్యూయార్క్‌వాడు చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. లేకపోతే ఆ టెక్సస్ మూలనే ఉండిపోయేవాడు."

"నీ లెక్క తప్పు బావా" అన్నాను. అది జరిగి ఆరు వారాలైంది. ఫోన్‌లో, గుడి పార్కింగ్‌లో, అక్క విసుక్కుంటున్నా వినకుండా వాదించుకుంటూనే ఉన్నాం. అనుకున్నదంతా ఒక్కచోట రాసి పెడితే గానీ నాకు తీరేలా లేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బన్ బి అసలు పేరు బెర్నార్డ్ ఫ్రీమన్. 1973లో హ్యూస్టన్‌లో పుట్టాడు, పెరిగింది పోర్ట్ ఆర్థర్‌లో. అదే ఊరివాడు, అదే ఏడాది పుట్టినవాడు చాడ్ బట్లర్, అంటే పింప్ సి. ఇద్దరూ కలిసి యూజీకే అనే ర్యాప్ జంట. అండర్‌గ్రౌండ్ కింగ్స్ అన్నమాట. ఈరోజు హ్యూస్టన్‌లో బన్ బి పేరు తెలియని ఇల్లు ఉండదు. రోడియో ఉత్సవాల్లో ఎన్‌ఆర్‌జీ స్టేడియం నిండా జనాన్ని రప్పించాడు. రైస్ యూనివర్సిటీలో పాఠం చెప్పాడు. అతని బర్గర్ కొట్టు ముందు మా ఆఫీసువాళ్ళు లైన్లో నిలబడతారు. అయితే ఈ మనిషి పైకొచ్చిన కథను పత్రికల్లోనూ వీడియోల్లోనూ ఎక్కువమంది మా బావలాగే చెబుతారు: చిన్న ఊరి కుర్రాడు, పెద్ద నగరపు స్టార్ కంట్లో పడ్డాడు, ఒక్క పాటతో దశ తిరిగింది.

నాకు ఈ కథంటే కోపం. ఆ ఊరిని ఎరుగుదును కాబట్టి.

2007 ఆగస్టులో నేను బోమాంట్‌లో దిగాను, లామార్ యూనివర్సిటీలో ఎమ్మెస్‌కి. మనవాళ్ళు చాలామందే ఉండేవారు. అపార్ట్‌మెంట్ మెట్ల మీద పప్పు తాలింపు వాసన, ఎక్కడ చూసినా తెలుగు మాట. ఇల్లు మారినట్టు కూడా అనిపించలేదు. పోర్ట్ ఆర్థర్ అక్కడికి ఇరవై మైళ్ళ దూరం. ఆ చుట్టుపక్కలంతా చమురు దేశం. 1901 జనవరిలో బోమాంట్ పక్కనే స్పిండిల్‌టాప్ బావి నుంచి నూనె ఆకాశానికి ఎగజిమ్మింది. అప్పటినుంచి రిఫైనరీలు పోర్ట్ ఆర్థర్‌లో పాతుకుపోయాయి. అక్కడి మోటివా రిఫైనరీ ఒక్కటే రోజుకి 6 లక్షల పీపాల ముడిచమురు శుద్ధి చేస్తుంది. అంత సంపద పక్కన పెట్టుకున్న ఊరు మాత్రం పాడుబడ్డట్టుంటుంది. నడిబొడ్డున కిటికీలకు చెక్కలు కొట్టిన మేడలు. నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే వెస్ట్ సైడ్‌కి రిఫైనరీ కంచె మరీ దగ్గర. ఆ గాలి గురించి ఏళ్ళ తరబడి కొట్లాడినందుకే హిల్టన్ కెల్లీకి 2011లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది.

నేను పెరిగింది విశాఖపట్నం మల్కాపురంలో. రాత్రిపూట రిఫైనరీ గొట్టం మీద మంట చూసుకుంటూ మేడ మీద పడుకున్నవాణ్ణి. అందుకేనేమో, పోర్ట్ ఆర్థర్‌లోకి మొదటిసారి వెళ్ళినప్పుడు కొత్త అనిపించలేదు.

క్యాంపస్ డైనింగ్ హాల్‌లో గిన్నెలు కడిగే పని దొరికింది. నాతోపాటు పనిచేసే ఒకాయన నాకంటే పదేళ్ళు పెద్ద, వెస్ట్ సైడ్‌లో పుట్టినవాడు. పేరు రాయను. నేను "అన్నా" అనే పిలిచేవాణ్ణి. అర్థం అడిగి తెలుసుకున్నాక అలాగే పిలవమన్నాడు. రాత్రి పని అయ్యాక నన్ను తన కారులో దింపేవాడు. ఆ కారులోనే మొదటిసారి విన్నాను యూజీకే ఆల్బమ్ 'రైడిన్ డర్టీ'. మొదటి పది నిమిషాలు మాట ఒక్కటీ అర్థం కాలేదు. చర్చిలో వాయించే ఆర్గన్‌లాంటి మోత, సాగదీసిన గిటార్, వాటి కింద సీటు అదిరే బాస్. దాని మీద రెండు గొంతులు. ఒకటి సన్నగా, ముక్కుతో సాగదీస్తూ, పాటకీ మాటకీ మధ్య ఊగుతూ ఉంటుంది. అది పింప్ సి. రెండోది బావిలోంచి వచ్చినట్టు గంభీరంగా, ఒక్క అక్షరం జారకుండా. అది బన్ బి.

"వీళ్ళు బాగా ఫేమస్సా అన్నా?" అని అడిగాను. ఆయన ఆ మాట నచ్చనట్టు చూశాడు. "వీళ్ళు మావాళ్ళు" అన్నాడు.

బావతో నా వాదన అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

లెక్క ఎక్కడి నుంచి మొదలెట్టాలో చూద్దాం. 1992. హ్యూస్టన్‌లో కింగ్స్ ఫ్లీ మార్కెట్ అని ఒక సంత. అందులో రసెల్ వాషింగ్టన్ అనే ఆయనకి క్యాసెట్ల కొట్టు ఉండేది, బిగ్ టైమ్ అని పేరు. పోర్ట్ ఆర్థర్ కుర్రాళ్ళిద్దరూ చేసిన 'ద సదరన్ వే' అనే చిన్న క్యాసెట్ ఆ కొట్టు పేరు మీదే బయటికొచ్చింది. అప్పటికి ఇద్దరికీ ఇరవై కూడా నిండలేదు. క్యాసెట్ సంతలో అమ్ముడైంది, కారు డిక్కీల్లోంచి అమ్ముడైంది, చేతులు మారి మారి ఊళ్ళు తిరిగింది. ఆ మోత విన్నాకే న్యూయార్క్ నుంచి జైవ్ అనే రికార్డు కంపెనీ వచ్చి ఒప్పందం చేసుకుంది. 'టూ హార్డ్ టు స్వాలో' అదే ఏడాది వచ్చింది. కంపెనీ వద్దన్న ఘాటు పాటల్ని మళ్ళీ బిగ్ టైమ్ 'బ్యాన్డ్' అన్న పేరుతో విడిగా వేసింది. పైవాళ్ళు పక్కకి తోసినదాన్ని ఊరివాళ్ళు కొనుక్కున్నారు.

ఇక్కడ వ్యాపారం నడిచే తీరు తెలియకపోతే ఈ కథ అర్థం కాదు. అప్పట్లో న్యూయార్క్‌లో, లాస్ ఏంజెలెస్‌లో ర్యాపర్ కావాలంటే పెద్ద కంపెనీ, పెద్ద పత్రిక, టీవీలో వీడియో కావాలి. దక్షిణాదికి అవేవీ దొరకలేదు కాబట్టి సొంత దారి వేసుకుంది. హ్యూస్టన్‌లో జె. ప్రిన్స్ 1980ల చివర్లోనే ర్యాప్-ఎ-లాట్ అనే రికార్డు కంపెనీ పెట్టి, గెటో బాయ్స్ బృందంతో బయటి సాయం లేకుండా లక్షల్లో అమ్మి చూపించాడు. మెంఫిస్ కుర్రాళ్ళు ఎయిట్‌బాల్, ఎమ్‌జేజీ ఇద్దరూ హ్యూస్టన్ వచ్చి నిలదొక్కుకున్నారు. డీజే స్క్రూ తన ఇంట్లో పాటల వేగం తగ్గించి, సాగదీసి, క్యాసెట్లు చేసి అమ్మేవాడు. వాటి కోసం గేటు బయట కార్లు బారులు తీరేవి. ఊళ్ళో కొట్టువాడికి పది క్యాసెట్లు అరువిచ్చి, అమ్మాక డబ్బు తీసుకుని, మళ్ళీ ఇరవై ఇచ్చే పద్ధతి. ఐ-10 హైవే పొడవునా, హ్యూస్టన్ నుంచి లూసియానా మీదుగా పోతుంటే, ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి కొట్టు, ఇలాంటి క్లబ్బు, ఇలాంటి డీజే. ఇక్కడ పాట వినేది కారులోనే. ఊరికీ ఊరికీ మధ్య దూరం అంతుంటుంది మరి. ఆ దూరానికి సరిపడా నెమ్మది, ఆ డిక్కీ స్పీకర్లకి సరిపడా బాస్.

ఈ దారిలోనే యూజీకే ఎదిగింది. 1993లో వాళ్ళ పాట ఒకటి 'మెనేస్ టు సొసైటీ' సినిమా ఆల్బమ్‌లో చేరింది. 1994లో 'సూపర్ టైట్' వచ్చింది. 1996 జులైలో 'రైడిన్ డర్టీ'. ఈ ఆల్బమ్‌కి సింగిల్, అంటే విడిగా వేసిన పాట, లేదు. వీడియో లేదు. టీవీలో ఎక్కడా కనబడలేదు. అయినా దేశవ్యాప్తంగా బిల్‌బోర్డ్ పట్టికలో 15వ స్థానానికి చేరి, గోల్డ్ అయింది. గోల్డ్ అంటే 5 లక్షల కాపీలు.

బావా, ఆ 5 లక్షలు కొన్నదెవరు? జే-జీ తన మొదటి ఆల్బమ్‌ని 1996 జూన్‌లో, దీనికి నెల పైచిలుకు ముందు విడుదల చేశాడు. ఇద్దరూ ఒకే వేసవిలో బజారుకొచ్చినవాళ్ళు. అందులో ఎవరు ఎవరిని పైకి లాగారని లెక్కేస్తాం?

ఈ విషయం మీద నాకు కాస్త మొండితనం ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతాను. ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి వారం, వేరే ఊళ్ళో, క్లాసులో నోరు తెరిచి "ఏటి సార్" అన్నాను. నలభైమంది నవ్వారు. పాఠం చెప్పే ఆయనా నవ్వాడు. ఆ తర్వాత మూడు నెలలు నేను క్లాసులో మాట్లాడలేదు. ఆ మూడు నెలల్లో అద్దం ముందు నిలబడి "ఏమిటి", "ఏంటి" అని సాధన చేసుకున్నాను. మన సినిమాల్లో చాలాకాలం మా యాస మాట్లాడింది పనిమనిషి, రిక్షావాడు, నవ్వించడానికి పెట్టిన పాత్ర. తెలంగాణవాళ్ళకీ, రాయలసీమవాళ్ళకీ ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. మా బావదీ మల్కాపురమే. మేనత్త కొడుకు, అక్క మొగుడు. హ్యూస్టన్ వచ్చి ఇరవై ఏళ్ళయింది. ఆయన నోట "ఏటి" అన్న మాట నేను విని పదిహేనేళ్ళు దాటింది.

అమెరికాలో దక్షిణాది యాసకీ అదే గతి. నెమ్మదిగా, సాగదీసి మాట్లాడితే బుర్ర కూడా నెమ్మదే అనుకుంటారు. ర్యాప్‌లోనూ అంతే. 1995 ఆగస్టులో న్యూయార్క్‌లో సోర్స్ అనే ర్యాప్ పత్రిక అవార్డుల సభ జరిగింది. అట్లాంటా కుర్రాళ్ళు ఔట్‌కాస్ట్‌కి కొత్త బృందం బహుమతి ప్రకటిస్తే హాలంతా ఎగతాళిగా అరిచారు. వాళ్ళలో ఒకడైన ఆండ్రీ మైకు ముందు నిలబడి, దక్షిణాదికి చెప్పాల్సిందొకటుందని ఒక్క వాక్యం అని దిగిపోయాడు. అది అందరికీ గుర్తే. అయితే దానికి మూడేళ్ళ ముందే పోర్ట్ ఆర్థర్ కుర్రాళ్ళు ఆ చెప్పాల్సింది చెప్పడం మొదలెట్టేశారు. అదీ యాస మార్చకుండా.

మార్చకపోవడం మాట వరసకి అన్నది కాదు. పింప్ సి తన సంగీతాన్ని హిప్-హాప్ అననిచ్చేవాడు కాదు. 'కంట్రీ ర్యాప్ ట్యూన్స్' అనేవాడు, అంటే పల్లెటూరి ర్యాప్ పాటలు. తండ్రి ట్రంపెట్ వాయించేవాడు. తను స్కూల్లో శాస్త్రీయంగా గొంతు సాధన చేసినవాడు. యంత్రం ఒక్కదాన్నే నమ్మకుండా మనుషుల చేత ఆర్గన్, గిటార్ వాయించి రికార్డు చేయించేవాడు. న్యూ ఆర్లీన్స్ మీటర్స్ బృందపు గిటారిస్టు లియో నోసెంటెల్లి కూడా వాళ్ళ పాటలకి వాయించాడు. బ్లూస్, చర్చి పాట, పాత సోల్ రికార్డు, అన్నీ ఆ ఊరి నేలలో ఉన్నవే.

బన్ బి నైపుణ్యం వేరే రకం. 'మర్డర్' పాటలో అతని చరణం నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ప్రాస పంక్తి చివర మాత్రమే కాదు, పంక్తి నడుమ కూడా నాలుగైదు చోట్ల పడుతుంది. గుక్క తిప్పుకున్నట్టే ఉండదు. అంత వేగంలోనూ ప్రతి మాట విడివిడిగా వినబడుతుంది, ఆ మాట టెక్సస్‌దే అని తెలుస్తుంది. వేగం కోసం యాసని సాపు చేసుకోలేదు. నేను అద్దం ముందు పోగొట్టుకున్నదాన్ని ఈ మనిషి మైకు ముందు నిలబెట్టుకున్నాడు. దాన్ని నేను చిన్న విషయం అనుకోలేను.

ఇప్పుడు బావ వాదనకి వద్దాం. అందులో నిజం ఉంది. 'బిగ్ పింపిన్' 1999 డిసెంబరు చివర్లో జే-జీ ఆల్బమ్‌లో వచ్చింది, 2000లో సింగిల్‌గా విడుదలైంది. బిల్‌బోర్డ్ హాట్ 100లో 18వ స్థానానికి వెళ్ళింది. కాలిఫోర్నియాలో, లండన్‌లో ఉన్నవాళ్ళు బన్ బి ముఖం మొదట చూసింది ఆ వీడియోలోనే. కాదనను.

కానీ ఆ పాటకి పింప్ సి ఎలా ఒప్పుకున్నాడో చూడు. టింబలాండ్ కట్టిన ఆ బాణీ అతనికి నచ్చలేదు. తమ శ్రోతలు ఇది విని ఏమనుకుంటారోనని భయపడ్డాడు. బన్ బి బతిమాలితే చివరికి చిన్న చరణం ఒకటి చెప్పాడు. వీడియో ట్రినిడాడ్ ఉత్సవంలో తీస్తామంటే రానన్నాడు. అతని భాగం విడిగా మయామీలో తీశారు. అంత ఎండలో ఒంటినిండా బొచ్చు కోటు వేసుకుని వచ్చాడట. ఉడికిపోతావు తీసెయ్యమంటే, టీవీకి ఎండా చలీ తెలియవు కదా అన్నాడని బన్ బి చాలాసార్లు చెప్పాడు. పైకి లాగించుకోవడానికి చెయ్యి చాపిన మనిషి ఇలా ఉంటాడా? జే-జీ తెలివైన శ్రోత, తెలివైన వ్యాపారి. ఐ-10 పొడవునా ఎవరి మాట చెల్లుతుందో అతనికి తెలుసు. వీళ్ళ దగ్గరున్నది కావాలనే వచ్చాడు.

ఇంకొకటి. ఆ పాటే వీళ్ళ దశ తిప్పి ఉంటే, తర్వాతి రెండేళ్ళు వెలిగిపోవాలి. జరిగిందేమిటి? 2001లో వచ్చిన 'డర్టీ మనీ' అనుకున్నంత దూరం వెళ్ళలేదు. హ్యూస్టన్‌లో ఒక షాపింగ్ మాల్‌లో జరిగిన తగాదాలో తుపాకీ తీసిన కేసు అప్పటికే పింప్ సి మెడకి చుట్టుకుని ఉంది. ప్రొబేషన్ షరతులు తప్పాడని 2002లో 8 ఏళ్ళ శిక్ష పడింది. దేశమంతా మోగిన పాట వచ్చిన రెండేళ్ళకి యూజీకేలో సగం జైల్లో ఉంది. మిగిలిన సగానికి సొంతంగా ఒక్క ఆల్బమ్ కూడా లేదు. బన్ బి జీవితంలో అన్నిటికంటే లోతైన గొయ్యి అదే. జే-జీ పాట అతన్ని అక్కడ నిలబెట్టలేదు.

నన్నడిగితే, అతను నిజంగా ఎదిగింది అక్కడి నుంచి.

మా ఉత్తరాంధ్రలో జముకుల కథ చూసినవాళ్ళకి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. కథ చెప్పేవాడు ఒక పంక్తి విసిరి ఆగుతాడు, వంత పాడేవాడు అందుకుంటాడు. ఆ అందుకోవడం లేకపోతే కథకుడు ఎంతటివాడైనా గాల్లో మాట విసిరినట్టే. పదేళ్ళు ఒకడు విసిరితే ఒకడు అందుకునే అలవాటు మీద పెరిగిన మనిషి ఒక్కసారిగా ఒంటరివాడయ్యాడు. అతను చేసిన పనేమిటంటే, పిలిచినవాడి పాటకల్లా వెళ్ళాడు. పెద్దవాడా చిన్నవాడా అని చూడలేదు. హ్యూస్టన్ కుర్రాళ్ళు స్లిమ్ థగ్, పాల్ వాల్ పాటల్లో ఉన్నాడు, అట్లాంటా టి.ఐ. పక్కన ఉన్నాడు. ఎవరో ఊరూపేరూ లేని కుర్రాడి క్యాసెట్లోనూ ఉన్నాడు. ఎక్కడికి వెళ్ళినా ఒకే మాట: 'ఫ్రీ పింప్ సి'. పింప్ సిని విడిచిపెట్టండి. చరణం మొదట్లోనో చివర్లోనో ఆ మాట పడేది. తర్వాత అది చొక్కాల మీదికి ఎక్కింది, మిగతా ర్యాపర్ల నోళ్ళలోకి ఎక్కింది. పింప్ సి పాట ఎప్పుడూ వినని పిల్లలు కూడా అతని విడుదల కోరుతూ అరిచారు.

అతిథి చరణం అంటే మామూలుగా 16 బార్లు, అంటే పదహారు పంక్తుల మేర, నలభై యాభై సెకన్ల వ్యవధి. పరాయి ఇంట్లో, పరాయి బాణీ మీద, ఆ ఇంటివాడి గౌరవం తగ్గకుండా తన సత్తా చూపాలి. అదీ ఒకసారి కాదు, మూడేళ్ళకు పైగా వారం వారం. ఆ 16 బార్లలో కొంత చోటు జైల్లో ఉన్న స్నేహితుడికి ఇచ్చేయాలి. అతను తన పేరు కంటే పక్కవాడి పేరు ఎక్కువ మోశాడు. మోస్తూ మోస్తూ ఉండగానే జనం ఇతన్ని పెద్దమనిషిగా చూడటం మొదలెట్టారు. 2005లో హ్యూస్టన్ ర్యాప్ దేశమంతా మోగినప్పుడు, మైక్ జోన్స్, చమిలియనేర్ లాంటి కొత్తవాళ్ళు వెలిగినప్పుడు, వాళ్ళందరికీ అన్న స్థానంలో నిలబడి ఉన్నది ఇతనే. అదే ఏడాది అక్టోబరులో తన మొదటి సొంత ఆల్బమ్ వేశాడు. పేరు 'ట్రిల్'. ట్రూ, రియల్, రెండూ కలిపిన మాట. పోర్ట్ ఆర్థర్ వీధుల్లో పుట్టింది. 2005 డిసెంబరు 30న పింప్ సి బయటికొచ్చాడు.

తర్వాత జరిగింది నేను ఆ ఊరి పక్కనే ఉండి చూశాను. 2007 ఆగస్టు 7న 'అండర్‌గ్రౌండ్ కింగ్స్' వచ్చింది. రెండు సీడీల ఆల్బమ్. బిల్‌బోర్డ్‌లో నేరుగా మొదటి స్థానం. ఔట్‌కాస్ట్‌తో చేసిన 'ఇంటర్నేషనల్ ప్లేయర్స్ ఆంథెమ్' అందులోదే. విల్లీ హచ్ పాత పాట ముక్క తీసుకుని మెంఫిస్ బృందం త్రీ సిక్స్ మాఫియా కట్టిన బాణీ. ఆండ్రీ చరణం నడిచినంతసేపూ డ్రమ్స్ ఉండవు. అది ముగిశాక డ్రమ్స్ విరుచుకుపడతాయి, వాటితోపాటే పింప్ సి గొంతు. బోమాంట్‌లో ఆ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సిగ్నల్ దగ్గర ఆగిన రెండు కార్లలో ఒకదాంట్లో అదే పాట. అన్న ఆ రోజుల్లో గిన్నెల దగ్గర కూడా తల ఊపుతూ ఉండేవాడు. మా చిన్న ఊరు నంబర్ వన్ అని నాకు మూడుసార్లు చెప్పాడు.

డిసెంబరు 4. నాకు పరీక్షలు దగ్గరపడ్డాయి. డైనింగ్ హాల్‌కి వెళ్తే అన్న వెనక డాక్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఏప్రన్ కట్టుకోలేదు. పింప్ సి లాస్ ఏంజెలెస్‌లో హోటల్ గదిలో చనిపోయాడని చెప్పాడు. 33 ఏళ్ళు. నేను పక్కన కూర్చున్నాను. ఏమనాలో తెలియలేదు. రెండు రోజుల తర్వాత గ్రామీ నామినేషన్లు ప్రకటించారు. ఆ పాట పేరు అందులో ఉంది.

చావుకి కారణం వైద్యాధికారులు చెప్పారు: దగ్గు మందులోని కోడీన్, ప్రోమెథజిన్ ప్రభావం, దానికి తోడు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. ఆ దగ్గు మందునే సోడాలో కలుపుకుని తాగడం హ్యూస్టన్ ర్యాప్‌లో గొప్పగా చెప్పుకునే సంగతి. యూజీకే కూడా 2000లో త్రీ సిక్స్ మాఫియాతో కలిసి దాని మీద పాట పాడింది. అదే ఏడాది నవంబరులో డీజే స్క్రూ 29 ఏళ్ళకే కోడీన్ వల్ల పోయాడు. నేను ఈ సంగీతాన్ని ప్రేమిస్తాను. కానీ ఆ మందు పాటల్ని ఇప్పటికీ వినలేను. ఆ డాక్ మెట్లు గుర్తొస్తాయి. ఆడవాళ్ళ గురించి వాళ్ళు పాడిన మాటలు చాలావరకు నా కూతురి ముందు పెట్టలేను, పెట్టను. 'బిగ్ పింపిన్' మాటల గురించి జే-జీయే తర్వాత సిగ్గుపడ్డాడు. వీళ్ళని మహానుభావులని నేనడం లేదు. వీళ్ళ ఎదుగుదలని సరిగ్గా లెక్కపెట్టమంటున్నాను.

మిగిలిన కథ తొందరగా చెప్పేస్తాను, అది అందరికీ తెలిసిందే. 2009లో చివరి యూజీకే ఆల్బమ్ బయటికొచ్చింది. 2011లో బన్ బి రైస్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఆంథొనీ పిన్‌తో కలిసి మతం, హిప్-హాప్ సంస్కృతి అనే కోర్సు చెప్పాడు. 2017లో హార్వే తుఫాను హ్యూస్టన్‌నీ పోర్ట్ ఆర్థర్‌నీ ముంచేసినప్పుడు సాయం కోసం టీవీ కార్యక్రమం జరగడానికి ముందు నిలబడ్డాడు. మా వీధిలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి, ఆ కార్యక్రమం మేం బంధువుల ఇంట్లో కూర్చుని చూశాం. 2020 జూన్‌లో, హ్యూస్టన్ థర్డ్ వార్డ్‌లో పెరిగి పోలీసు చేతిలో చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ కోసం ర్యాపర్ ట్రే ద ట్రూత్‌తో కలిసి పెద్ద ఊరేగింపు నడిపాడు. ఆ ఫ్లాయిడ్ ఒకప్పుడు డీజే స్క్రూ క్యాసెట్లలో ర్యాప్ చేసినవాడు. సంత కొట్లోని క్యాసెట్లు ఎంతదూరం వెళ్ళాయో చూడండి.

ఒక్క విషయం దగ్గర మాత్రం ఆగాలి. 2011లో హార్లెమ్ నుంచి ఏసాప్ రాకీ అనే కుర్రాడు పైకొచ్చాడు. అతని పాటల్లో హ్యూస్టన్ నెమ్మది, స్క్రూ సాగతీత, నోట్లో 'ట్రిల్'. ఏ న్యూయార్క్ 1995లో దక్షిణాది యాసని చూసి అరిచిందో, ఆ న్యూయార్క్ కుర్రాడు పోర్ట్ ఆర్థర్ వీధి మాటని తన మాట చేసుకున్నాడు. పోర్ట్ ఆర్థర్‌లోనే పుట్టిన గాయని జానిస్ జాప్లిన్ పేరు తెచ్చుకోవాలంటే ఊరు వదిలి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళాల్సొచ్చింది. వీళ్ళకి ఆ అవసరం పడలేదు. బన్ బి వెళ్తే వెళ్ళినంతదూరం హ్యూస్టన్. 90 మైళ్ళు. వాళ్ళ మాట మాత్రం హార్లెమ్ దాకా నడిచి వెళ్ళింది.

ఇదంతా చెప్పినా బావ ఒప్పుకోలేదు. "నీకు ఆ ఊరంటే ఇష్టం, అందుకే అలా అనిపిస్తుంది" అన్నాడు. అది నిజమే. పోయిన శనివారం అందుకే ఆయన్ని కారెక్కించాను. ఐ-10 మీద తూర్పుకి, విన్నీ దగ్గర 73వ నంబరు రోడ్డులోకి తిరిగాం. దారిలో 'రైడిన్ డర్టీ' మొదటి నుంచి పెట్టాను. బావ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. 'వన్ డే' పాట దగ్గర తలెత్తి, ఇందులో నీ బన్ బి ఏ గొంతు అని అడిగాడు. చెప్పాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

రోడ్డుకి రెండువైపులా బురదనేల, గడ్డి, తెల్లకొంగలు. చీకటి పడుతోంది. దూరంగా మొదట గొట్టం మీద మంట కనబడింది, తర్వాత వరసగా దీపాలు, వందల కొద్దీ. బావ కిటికీ దించాడు. గాలి లోపలికొచ్చింది. కుళ్ళిన కోడిగుడ్డూ తారూ కలిసిన ఆ వాసన. ముక్కు మూసుకుంటాడేమో అనుకున్నాను. మూసుకోలేదు. మంటవైపే చూస్తున్నాడు.

"ఒరే" అన్నాడు. "ఇదేట్రా... అచ్చం మన మల్కాపురంలాగున్నాది."

పాట అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాడు. కిటికీ ఎక్కించలేదు.